నృగమహారాజు గోదానం, రేపల్లె ఉప్పునీరు

గడచిన శ్రావణమాసంలో ఒక సోమవారం, ప్రదోషకాల అభిషేకం ముగించుకొని ముఖమండపంలో కూర్చున్న సమయాన అమెరికా నుండి ఫోను వచ్చింది. మాట్లాడినవాడు ఒకప్పుడు తెనాలిలో మా వీధిలోనే పెరిగి, నా వద్ద సంధ్యావందనం నేర్చుకొని, ఇరవై ఏళ్లుగా డల్లాసులో స్థిరపడినవాడు. "అయ్యగారూ, మేము నలుగురైదుగురు మిత్రులం కలిసి కొంత సొమ్ము పోగుచేశాం. రేపల్లె దగ్గర మీ అమ్మగారి ఊళ్లో, శివాలయ ప్రాంగణంలో ఆర్.ఓ. నీళ్ల ప్లాంటు పెట్టిద్దామనుకుంటున్నాం. మీరు సరేనంటే దీపావళిలోగా బోరు దింపిస్తాం" అన్నాడు. ఊరివారు అప్పటికే సంతోషించారు. శిలాఫలకం మీద ఎవరి పేరు ముందుండాలనే చర్చ కూడ ధర్మకర్తల మధ్య ఆరంభమైనదని తరువాత తెలిసింది. నేను మాత్రం "తొందరపడకు నాయనా, ఆలోచించి చెబుతాను" అన్నాను. అతడు నొచ్చుకున్నాడు. "జలదానాన్ని మించిన దానం లేదని మీరే చెప్పారు కదా" అని అడిగాడు. అవును, నేనే చెప్పాను. వైశాఖమాసంలో ప్రతి సంవత్సరమూ చెబుతూనే ఉన్నాను. అందుచేతనే నా సంకోచానికి కారణాన్ని కూడ నేనే చెప్పుకోవలసి ఉన్నది.

నృగమహారాజు వృత్తాంతం భాగవత దశమస్కంధంలో ఉన్నది, భారతంలోని అనుశాసనపర్వంలోనూ ఉన్నది. ఇక్ష్వాకు తనయుడైన ఆ రాజు లెక్కకు అందనన్ని గోదానాలు చేసినవాడు. ఒక విప్రునికి దానమిచ్చిన గోవు ఒకటి తప్పించుకొని వచ్చి తిరిగి రాజుగారి మందలో కలిసింది. రాజు ఎరుగక దానినే మరొక విప్రునికి ధారపోశాడు. ఇరువురూ వచ్చి నిలదీశారు. ఆ ఒక్క గోవుకు బదులు లక్ష గోవులిస్తానని రాజు ప్రాధేయపడ్డాడు. ఇరువురూ అంగీకరించక వెళ్లిపోయారు. మరణానంతరం ఆ మహాదాత ఊసరవెల్లియై ఒక ఎండిన బావిలో పడి ఉండి, యుగాంతరంలో శ్రీకృష్ణుని కరస్పర్శతో విముక్తుడైనాడు. ఈ ఉపాఖ్యానాన్ని మేము పౌరాణికులం బ్రహ్మస్వాపహరణ దోషానికి దృష్టాంతంగా చెబుతాము. చిరకాలం నేనూ అలాగే చెప్పాను. ఇప్పుడు నాకు ఇందులో మరొక విషయం ప్రధానంగా భాసిస్తున్నది. రాజు యందు దుర్బుద్ధి లేదు, లోభం లేదు, శ్రద్ధకు లోటు లేదు. లోపించినది పరిశీలన ఒక్కటే. ఆ గోవు ఎక్కడి నుండి వచ్చినది, దానిని కదిలిస్తే ఎవరికి నష్టం అని ఆయన విచారింపలేదు. నష్టం సంభవించిన పిమ్మట లక్షరెట్లు ఇవ్వజూచినా అది పూడలేదు.

దానవిధిని గురించి మన పూర్వులు వ్రాసినంత విస్తారంగా మరే జాతివారూ వ్రాసి ఉండరని నా అభిప్రాయం. హేమాద్రి చతుర్వర్గచింతామణిలో దానఖండమనే ఒక మహాభాగం ఉన్నది. వంగదేశాన్ని పాలించిన వల్లాలసేనుని పేర దానసాగరమనే గ్రంథం ఉన్నది. భగవద్గీత పదునేడవ అధ్యాయం దానాన్ని గుణత్రయం ననుసరించి విభజించి, దేశ కాల పాత్ర విచారం కలిగిన దానాన్నే సాత్త్వికకోటిలో చేర్చింది. వీటన్నిటికంటె నన్ను కలతపెట్టినది తైత్తిరీయ శిక్షావల్లిలో స్నాతకునికి ఆచార్యుడు చేసే అనుశాసనం. దాత ఏయే భావాలతో ఇవ్వాలో చెబుతూ అందులో భయాన్ని కూడ పేర్కొన్నారు. బాల్యంలో దానిని వల్లెవేసేనాడు మా గురువుగారిని, "పుచ్చుకొనేవాడికి గదా భయం, ఇచ్చేవాడికి భయమేమిటండీ" అని అడిగాను. "ఇచ్చినది రేపు ఏమవుతుందో నీకు తెలుసునట్రా?" అని ఆయన ఎదురు ప్రశ్నించి, తరువాతి పన్నంలోకి వెళ్లిపోయారు. ఆ ప్రశ్నకు అర్థం నాకు తెలియడానికి ఎన్నో సంవత్సరాలు పట్టింది. నిజానికి దానికి ఉదాహరణ అంతకు ముందే మా ఇంటిలో జరిగి ఉన్నది.

1977 నవంబరు 19వ తేదీన వచ్చిన ఉప్పెన నాటికి నాకు ఏడేళ్లు. కృష్ణకు ఆవలి ఒడ్డున దివిసీమ సర్వనాశనమైనది. ఇవతల రేపల్లె, నిజాంపట్నం, బాపట్ల ప్రాంతాలు కూడ గాలికీ నీటికీ ఛిన్నాభిన్నమైనాయి. పదివేలకు పైగా ప్రాణాలు పోయాయి. పశుకళేబరాలు పడి ఉన్న చెరువులే మాకు నీటివనరు. ఆ తరువాతి వారాలలో బియ్యం, దుప్పట్లు, మందులు వచ్చాయి. వాటితో పాటు పరాయిదేశపు అక్షరాలున్న పెద్ద డబ్బాలలో పాలపొడి వచ్చింది. తెచ్చినవారు కరుణామయులు. మోకాళ్లలోతు బురదలో నడచి వచ్చారు. ఆ పొడి కూడ పరిశుద్ధమైనదే. కాని దానిని కలపడానికి మాకున్నది ఆ చెరువునీరు. కాచుకొందామంటే ఎండుపుల్ల దొరకని స్థితి. డబ్బా మీద వ్రాసిన సూచనలను చదువగలవారు ఆ వాడలో ఒక్కరూ లేరు. పసిబిడ్డలకు వాంతులు, విరేచనాలు పట్టుకొన్నాయి. మా చెల్లెలు పది దినాలు మృత్యుముఖంలో ఉండి బయటపడింది. ఎదురింటివారి పాప బయటపడలేదు. ఆ తల్లికి తన పాలు సమృద్ధిగా ఉండేవనీ, డబ్బాపాలు శ్రేష్ఠమని ఎవరో చెప్పగా మాన్పించిందనీ మా అమ్మ జీవితాంతం చెప్పుకొని బాధపడేది. ఆ డబ్బా తెచ్చినవారికి ఈ సంగతి ఎన్నడూ తెలిసి ఉండదు. నృగునికైనా ఇరువురు విప్రులు తిరిగి వచ్చి చెప్పారు.

పాలపొడి కథ ఒక వాడకు పరిమితమైనది. నీటి విషయంలో ఇదే జరిగితే ఎంతటిదవుతుందో బంగ్లాదేశ్‌లో లోకం చూచింది. అక్కడి పల్లెలు చెరువులనూ కుంటలనూ ఆశ్రయించి కలరా, అతిసారాలతో బిడ్డలను పోగొట్టుకొనేవి. ఆ దుఃఖాన్ని చూడలేక 1970ల నుండి యూనిసెఫ్ మొదలైన సంస్థలు, ప్రభుత్వం కలిసి లక్షల సంఖ్యలో గొట్టపుబావులు వేయించాయి. భూమి లోపలి నీటిలో క్రిములుండవు గనుక అది నిర్మలమని అందరూ విశ్వసించారు. క్రిములకోసమే వెదికారు. ఆ నేలలో స్వభావసిద్ధంగా ఉన్న ఆర్సెనిక్‌ కోసం ఎవరూ పరీక్షించలేదు. అరచేతులు గట్టిపడి, చర్మంపై నల్లని మచ్చలు లేచి, కొందరికి పుండ్లు క్యాన్సరుగా పరిణమించాయి. పొరుగున ఉన్న పశ్చిమ బెంగాలులో కలకత్తా చర్మవైద్యులు 1983 నాటికే ఈ రోగలక్షణాలను గుర్తించారు. బంగ్లాదేశ్‌లో బావులలో విషం ఉన్నట్లు 1993లో తేలింది. 2000 సంవత్సరంలో ప్రపంచ ఆరోగ్యసంస్థ పత్రికలో వెలువడిన వ్యాసం, చరిత్రలో ఒక జనసమూహానికి జరిగిన అతిపెద్ద విషప్రయోగం ఇదేనని పేర్కొని, 12.5 కోట్ల జనాభాలో 3.5 కోట్ల నుండి 7.7 కోట్ల మంది వరకు ప్రమాదంలో ఉన్నారని అంచనా వేసింది. ఒక్క రసాయన పరీక్ష, అదీ బావి త్రవ్విన దినాన, జరిగి ఉంటే ఎంతో కొంత ఆగిపోయేది. యమధర్మరాజు కూడ ఆ దాతలను దుర్మార్గులని అనడు. నృగుణ్ణీ అనలేదు.

బాపట్ల వ్యవసాయ కళాశాలలో చిరకాలం పనిచేసి విశ్రాంతి తీసుకొన్న ఒక మిత్రులు మా ఆలయానికి వస్తూ ఉంటారు. ఈ ప్రసంగం వచ్చినపుడు ఆయన నవ్వి, "అయ్యా, మీరు నైవేద్యం పెట్టే అన్నం సంగతి ఏమిటి?" అన్నారు. ఆయన చెప్పినదీ నేను తరువాత చదివినదీ కలిపి వ్రాస్తున్నాను. ఫోర్డ్, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ల ధనసహాయంతో ఫిలిప్పీన్స్‌లో 1960లో అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ వెలసింది. 1966లో అక్కడి నుండి ఐ.ఆర్. 8 విడుదలైనది. అంతకు కొంచెం ముందు తైవాను నుండి తైచుంగ్ నేటివ్ 1 మన దేశానికి చేరింది. పశ్చిమ గోదావరి జిల్లాలో ఫోర్డ్ ఫౌండేషన్ తోడ్పాటుతో ప్యాకేజీ కార్యక్రమం అప్పటికే నడుస్తున్నది. పొట్టిగా ఉండి, ఎరువు ఎంత వేసినా పడిపోని ఆ వరి మా డెల్టా దిగుబడులను మార్చివేసింది. కరవునాళ్లు చూచిన మా తాతగారు ఆ ధాన్యరాశికి నమస్కరించారు. ఈ మేలును నేను తక్కువ చేయబోవడం లేదు. బాపట్లలోనే రూపొంది 1986లో విడుదలైన బి.పి.టి. 5204, అనగా మనమందరం భుజించే సాంబమసూరి, ఆ తైచుంగ్ రకం అంశను కూడ తన వంశంలో కలిగి ఉన్నది.

అయితే ఆ విత్తనం ఒంటరిగా రాలేదు. దానితో యూరియా వచ్చింది, పురుగుమందు వచ్చింది. దట్టంగా, ఆకుపచ్చగా, నత్రజని నిండి పెరిగిన పైరు సుడిదోమకు నివాసమైనది. డెబ్బైల నుండి మన డెల్టాలలో దోమపోటు అనే మాట రైతు గుండెలో గునపంలా దిగింది. మందు చల్లితే దోమ చావాలి గదా? చచ్చినవి సాలీళ్లు, దోమ గ్రుడ్లను తినే నల్లులు. దోమ మరింత విజృంభించింది. పైరుకు శత్రువెవరో మిత్రుడెవరో ఎరుగని మందు అది. ఇండోనేషియాలో ఇదే అనుభవం కలిగి, 1986లో అక్కడి అధ్యక్షుడు సుహార్తో వరిపై 57 పురుగుమందుల వాడకాన్ని నిషేధించాడు. మన దగ్గర ఆ స్థాయి నిర్ణయం జరుగలేదు. పొలం నుండి మురుగుకాలువకు, మురుగుకాలువ నుండి దిగువ ఊరి చెరువుకు, చెరువు నుండి బిందెకు ఆ మందు ప్రయాణించింది. తెనాలి మీదుగా మూడు కాలువలు పారుతున్నాయి. ఎగువవారు వదలినది దిగువవారు త్రాగుతారు, రేపల్లె కట్టకడపట ఉన్నది. ఇప్పుడు అదే రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయాన్ని వ్యాపింపజేయడానికి జర్మనీ అభివృద్ధి బ్యాంకు ఋణం ఇస్తున్నది. మొదటి సహాయం మందు చల్లమన్నది, రెండవ సహాయం మానమంటున్నది. ఋణమూ మనదే, పొలమూ మనదే.

వయ్యారిభామ అని మనవారు ముచ్చటైన పేరు పెట్టిన పార్థీనియం సంగతి ఒక్క మాటలో చెప్పి ముందుకు సాగుతాను. అమెరికా నుండి పి.ఎల్. 480 క్రింద వచ్చిన గోధుమలతో అది దేశంలో దిగిందని జనశ్రుతి. ఆ మొక్క అంతకు పూర్వమే ఇక్కడ ఉన్నదని చూపే ఆధారాలూ ఉన్నాయి గనుక నేను గోధుమల మీద నేరం మోపను. దాని పుప్పొడికి ఒళ్లంతా దద్దుర్లు పొక్కి, ఉబ్బసంతో బాధపడేవారు మాత్రం మా భక్తులలోనే ఉన్నారు.

రొయ్యల చెరువుల గురించి అంత క్లుప్తంగా చెప్పి ఊరుకోలేను, ఏలయన అది మా అమ్మ ఊరి నీటి కథ. 1990ల ఆరంభంలో టైగర్ రొయ్యకు విదేశీ విపణిలో పుట్టిన గిరాకీతో నిజాంపట్నం, రేపల్లె, బాపట్ల తీరాల్లో వరిచేలు చెరువులైనాయి. ప్రపంచ బ్యాంకు కూడ 1992లో ఆంధ్రతో సహా కొన్ని రాష్ట్రాలలో రొయ్యలు, చేపల పెంపకానికి ఋణం మంజూరు చేసింది. పేదరికం తగ్గించడమే దాని ఉద్దేశం. సముద్రపునీటిని పొలాల మధ్యకు తోడి నిలువచేస్తే అది ప్రక్కబావిలోకి ఊరుతుందని చెప్పడానికి బ్యాంకు అక్కరలేదు, మా ఊరి చాకలివారికి తెలుసు. 1994 ప్రాంతంలో తెల్లమచ్చల వ్యాధి వచ్చి చెరువులు ఎండగట్టి వెళ్లినవారు ఉప్పును మాత్రం నేలలో వదలి వెళ్లారు. తమిళనాడుకు చెందిన సర్వోదయవాది జగన్నాథన్ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న తీర్పు చెబుతూ, సంప్రదాయ పద్ధతులు మినహా తీరప్రాంత నియంత్రణ పరిధిలోని చెరువులను తొలగించమన్నది, కలుషితం చేసినవారే పరిహారం చెల్లించాలన్నది. 2005లో పార్లమెంటు వేరొక చట్టం చేసి ఆ పరిశ్రమకు దారి కల్పించింది. మా అమ్మ పుట్టింటి బావి నీరు ఆ దశాబ్దంలోనే పప్పు ఉడకని నీరైనది. ఇప్పటికీ అంతే.

ఇంత చదివిన పిదప, అయితే పరదేశీయుల సహాయమంతా విషమేనా అని ఎవరైనా అడుగుతారు. అడగాలి కూడ. స్వదేశీ నినాదం చేసి చేతులు దులుపుకొనేవారితో నేను ఏకీభవించను. 1977 తరువాత ప్రభుత్వంతో పాటు స్వదేశ విదేశ సంస్థలు ఈ తీరం పొడవునా తుపాను రక్షిత భవనాలు కట్టాయి. 1990 మేనెలలో అంతటి తుపానే కృష్ణాముఖద్వారం వద్ద తీరం దాటినపుడు మృతుల సంఖ్య వేయికి లోపున ఉన్నది. ముందస్తు హెచ్చరికలూ, లక్షలమందిని తరలించడమూ, ఆ భవనాలూ కలిసి చేసిన ఉపకారమది. బంగ్లాదేశ్ గొట్టపుబావులు కలరా నుండి కాపాడిన పసిప్రాణాలూ అసత్యం కాదు. భవనం కట్టేవారు ఉప్పెన ఎంత ఎత్తు వస్తుందో స్థానికులను అడిగి, ఆ ఎత్తుకు పైన నేల వేశారు. అడిగి ఇచ్చినదానికీ అడగక ఇచ్చినదానికీ గల భేదమే నేను చెప్పదలచినది.

అడుగవలసినవాడు దాత ఒక్కడేనా? ఇక్కడ నా వృత్తి గురించి చెప్పుకోవాలి. మేము పుచ్చుకొని జీవించేవాళ్లం. లోకంలో దానగ్రహణమే జీవికగా, దానికొక శాస్త్రం కలిగి ఉన్నవారు అర్చక పురోహితులు తప్ప అరుదు. ప్రతిగ్రహానికి దోషమున్నదని మాకు పాఠశాలలోనే చెప్పారు. తిలదానం, లోహదానం, మహిషీదానం వంటివి పుచ్చుకొన్నపుడు ఇంతటి గాయత్రీజపం చేయవలెనని విధి. పుచ్చుకొనే అర్హత ఉన్నవాడు సైతం ఆ అలవాటుకు లొంగరాదని మనువు హెచ్చరించాడు. కొన్ని దానాలను నిరాకరించే అధికారం మాకున్నది, ఆకలిగొన్నపుడు కూడ. దీనిని చూచి నవ్వేవారున్నారు, శని దానం పట్టి ఊరి చివర స్నానం చేసే బ్రాహ్మణుడు హాస్యకథలకు పనికివస్తాడు. కాని పుచ్చుకొనేవాడు కూడ పరీక్షించాలనీ, వద్దని చెప్పగలగాలనీ, పుచ్చుకొంటే దాని ఫలితానికి తానూ బాధ్యుడనీ చెప్పిన ధర్మం మరెక్కడ ఉన్నది? మన సర్కారులు, మన పంచాయతీలు, మన ఆలయ ధర్మకర్తలు ఈ విద్యను పూర్తిగా మరచారు. ఉచితంగా వచ్చేదానిని ప్రశ్నిస్తే అది రాకుండా పోతుందని భయం. ఇవ్వవలసినవానికి ఉండవలసిన భయం పుచ్చుకొనేవానికి బదిలీ అయినది, అదీ వేరొక రూపంలో.

మా వాని ఆర్.ఓ. యంత్రం వద్దకు వస్తాను. ఐదారేళ్ల క్రితం, ఊరి పేరు చెప్పను, ఇలాగే విదేశీ ధనంతో ఒక ఆలయం ప్రక్కన ప్లాంటు వెలసింది. ఆ యంత్రం నీటిని శుద్ధి చేస్తుందని మనం అంటాము గాని, వాస్తవానికి అది నీటిని రెండుగా విడదీస్తుంది. ఒక భాగంలో లవణాలు దాదాపు లేకుండా చేసి, ఆ లవణాలన్నిటినీ రెండవ భాగంలో కుదిస్తుంది. మొదటిది క్యానులో పోతుంది, రెండవది ఎక్కడికి పోతుందని ఆ ఊళ్లో ఎవరూ అడగలేదు. గొట్టం కోనేటిలోకి పెట్టారు. రెండు వేసవులు గడిచేసరికి కోనేటిలో తామరలు పోయాయి, గట్టుమీది మారేడు ఎండింది. అభిషేకజలం చేదుగా ఉన్నదని అక్కడి అర్చకుడు, నాకు వరుసకు తమ్ముడు, క్యాను నీటితో రుద్రాభిషేకం చేస్తున్నాడు. దానిని తప్పని అనడానికి నాకు నోరు రాలేదు.

సముద్రానికి దగ్గరగా ఉన్న మా నేలలో మరొక సూక్ష్మమున్నది. వర్షపు మంచినీరు బరువైన ఉప్పునీటి మీద పలుచని పొరగా తేలుతూ ఉంటుంది. ఆ మంచినీటి మట్టాన్ని ఒక్క అడుగు తోడివేస్తే, అడుగున ఉప్పునీటి హద్దు సుమారు 40 అడుగులు పైకి వస్తుందని జలశాస్త్రజ్ఞుల గణితం. బోరు దింపి పగలంతా తోడితే మొదట ఎండేది గుడి బావి కాదు, దాని తీపి. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 మే నెలలో, లీటరుకు 500 మిల్లీగ్రాములకు లోపు కరిగిన లవణాలున్న నీటికి ఆర్.ఓ. వాడరాదని, వాడినచోట కనీసం 60 శాతం నీరు తిరిగి దక్కాలని కేంద్రప్రభుత్వానికి సూచించింది. మా అమ్మ ఊళ్లో కాలువ నీటితో నిండే మంచినీటి చెరువు ఇప్పటికీ ఉన్నది. దానికి ఇసుక వడపోత మడులూ ఉన్నాయి, పూడుకుపోయి తుమ్మచెట్లు మొలిచాయి. ఆ చెరువునీటిని ఎవరైనా ఇటీవల పరీక్ష చేయించారా అని సర్పంచిగారిని అడిగితే, ప్లాంటు వస్తుంటే ఇక దానితో పనేమిటండీ అన్నారు.

నేను డల్లాసుకు మూడు ప్రశ్నలు వ్రాసి పంపాను. చెరువునీటిలో, బావినీటిలో ఏమున్నదో ప్రయోగశాల పత్రం నీ వద్ద ఉన్నదా? యంత్రం వదిలే ఉప్పునీరు ఎక్కడికి పోవాలి? ఐదేళ్ల తరువాత పొర మార్చడానికి డబ్బు ఎవరిస్తారు? తొమ్మిది దినాలు సమాధానం లేదు. పదవనాడు మాట్లాడాడు. గొంతులో కోపం లేదు, కాస్త సిగ్గు ఉన్నది. మొదటి ప్రశ్నకు మాత్రం డబ్బు పంపుతానన్నాడు. చెరువు, బావి, పాత బోరు, మూడింటి నీళ్లూ సీసాలలో పట్టి నేనే గుంటూరు తీసుకువెళ్లి ఇచ్చి వచ్చాను. పత్రాలు రావలసి ఉన్నది. చెరువునీరు బాగుంటే పూడిక తీసి వడపోత మడులు బాగుచేయిద్దామని, బాగుండకపోతే యంత్రమే పెట్టి దాని ఉప్పును మురుగుకాలువ దాకా గొట్టంలో పంపే ఖర్చు కూడ లెక్కవేద్దామని అనుకొన్నాము. సంక్రాంతికి వస్తానన్నాడు. చెరువుగట్టు మీద అతనిని నడిపించాలని ఉన్నది. ధర్మకర్తలు మాత్రం నాతో ఇంకా ముభావంగానే ఉన్నారు. శిలాఫలకానికి రాయి అప్పటికే కొని ఉంచారట.